శాంతయ్య చెప్పని మాట

సురంగల్ శాంతయ్య గురించి మా దిక్కున ఒక కథ ఉన్నది. ఆ కథను మొదట చెప్పింది నేనే. అది తప్పని తెలిసిన తర్వాత కూడా యాభై ఏళ్ళు నోరు మూసుకుని తిరిగాను. ఇప్పుడు శాంతయ్య లేడు, భిక్షం లేడు, వాళ్ళ ఇళ్ళల్లో ఆడవాళ్ళు కూడా లేరు. నాతోపాటే పోతే పోనీ అని ఊరుకునేవాడినే. మొన్న ఒక సభలో ఎవరో ఒకాయన మైకు పట్టుకుని గొంతు వణికించుకుంటూ ఆ కథనే చెప్పాడు. ఆయన కళ్ళు తుడుచుకోవడం చూసి నాకు ఒళ్ళు మండింది.

కథ ఏమిటంటే, అరవై తొమ్మిదిలో పోలీసులు లాఠీలతో చెయ్యి విరగ్గొట్టినా భిక్షం తాడు వదల్లేదు. వదిలితే చెట్టు మీదున్న శాంతయ్య పడి చచ్చేవాడు, అందుకని వదల్లేదు. ఇందులో తాడు వదలకపోవడం నిజం. చెయ్యి విరగడమూ నిజమే. శాంతయ్య పడి చచ్చేవాడన్నది మాత్రం అబద్ధం. ఆ సమయానికి శాంతయ్య తనను తాను కొమ్మకు కట్టుకుని భద్రంగా కూర్చుని ఉన్నాడు. కింద ఉన్నవాడికి ఒక్క మాట చెబితే వాడు తాడు వదిలేసి పారిపోయేవాడు. శాంతయ్య ఆ మాట చెప్పలేదు.

అది ఎంత పెద్ద విషయమో తెలియాలంటే ఆయన పని ఎట్లాంటిదో ముందు చెప్పాలి.

నేను అప్పుడు చేవెళ్ళ కరెంటాఫీసులో హెల్పర్‌ని. పేరుకు హెల్పర్, చేసేది అడ్డమైన చాకిరీ. ఏటా ఎండలు ముదిరే సరికి లైన్ల మీదికి వంగిన కొమ్మలు కొట్టించాలి. లేకపోతే మొదటి గాలివానకే తీగలు తెగి ఊళ్ళకు ఊళ్ళు చీకట్లో కూర్చుంటాయి, ఆ తిట్లు తినేది నేను. మొయినాబాదు నుంచి చేవెళ్ళ దాకా రోడ్డుకు రెండు పక్కలా పాత చింతలు, వేపలు. ఇద్దరు మనుషులు చేతులు చాపి వాటేసుకున్నా మాను చుట్టూ అందవు. తాటిచెట్లెక్కే గీత పనివాళ్ళను అడిగితే నవ్వేవాళ్ళు. వాళ్ళ మోకు తాటిచెట్టుకు సరిపోతుంది గానీ ఈ చింతలకు ఎక్కడ సరిపోతుంది? నిచ్చెన వేస్తే సగం దాకా. ఆ పైకి పోగలిగినవాడు ఈ చుట్టుపక్కల శాంతయ్య ఒక్కడే.

ఆయన చెట్టెక్కడం బావిలో నేర్చుకున్నాడు. వినడానికి వింతగా ఉంటుంది గానీ నిజం. తండ్రి మారయ్య బావులు తవ్వేవాడు. అరవై డెబ్బై అడుగుల లోతు, గోడలకు పట్టు దొరకదు. ఒకే తాడు మీద దిగాలి, ఒకే తాడు మీద ఎక్కాలి. అందుకని మారయ్య పెద్ద తాడుకు వేలు లావు తాడు ముక్కను మూడు చుట్లు చుట్టి ఉచ్చు వేసేవాడు. దాన్ని జలగ అనేవాళ్ళు. బరువు పడితే అది తాడును కరుచుకుంటుంది, బరువు తీస్తే చేత్తో పైకి జరపొచ్చు. ఒక జలగ నడుముకు, ఒకటి పాదానికి. పాదం మీద లేచి నిలబడి నడుము జలగను జరపాలి, నడుము మీద కూర్చుని పాదం జలగను జరపాలి. విద్య అంతే. బావుల పని తగ్గాక శాంతయ్య అదే తాడును చెట్టు పంగలో వేసి అదే తీరుగా ఎక్కడం మొదలుపెట్టాడు.

ఈమధ్య అజీజ్‌నగర్‌లో ఒక ఫామ్‌హౌసుకు కొమ్మలు తీయడానికి సిటీ నుంచి కుర్రవాళ్ళు వచ్చారు. తలకు టోపీలు, నడుముకు బెల్టులు, రంగు రంగుల తాడు. ఒక్క తాడు మీదే ఎక్కుతున్నారు. దగ్గరికి పోయి చూస్తే ఏముంది, ఇనుముతో చేసిన జలగలు. ఇది ఫారిన్ పద్ధతి అంకుల్ అని ఒకడు నాకు వివరంగా చెప్పాడు. అవునా నాయనా అని విన్నాను.

శాంతయ్య తాడు జనుముది. ఎండాకాలంలో ఆయనా, భార్య కరుణమ్మా ఇంటి ముందు కూర్చుని పేనేవాళ్ళు. పేనిన తాడుకు రాళ్ళ బస్తా కట్టి ఒక పగలంతా వేలాడదీసి చూసిగానీ దాని మీద కాలు పెట్టేవాడు కాదు. ఎవరైనా తాడును దాటితే ముఖం ముడుచుకునేవాడు, తొక్కితే ఆ రోజుకు పని బంద్. ఎక్కే ముందు పొడుగాటి సన్నతాడు, సుతిలికి గుండ్రాయి కట్టి పైకి విసిరేవాడు. ముప్పై నలభై అడుగుల ఎత్తున ఏ పంగ అనుకుంటే ఆ పంగలో మూడోసారికల్లా పడేది. సుతిలి కొసకు పెద్ద తాడు కట్టి లాగితే అది పంగ దాటి రెండో వైపు దిగుతుంది. అప్పుడు ఇద్దరు మనుషులు కలిసి దానికి వేలాడి చూస్తారు. పంగ తట్టుకుంటే ఒక్క మనిషికి భయం లేదు.

ఆ రెండో మనిషి భిక్షం. అదే ఊరు, శాంతయ్య కంటే నాలుగైదేళ్ళు చిన్న. ఇద్దరికీ ఏ విధంగానూ పొత్తు కుదరదు. శాంతయ్య ఆదివారం తెల్లచొక్కా వేసుకుని చర్చిలో వెనక వరసలో కూర్చునే మనిషి, రోజుకు పది మాటలు మాట్లాడితే ఎక్కువ. భిక్షం పొద్దున కల్లు దుకాణం, మాపున భజన, మధ్యలో ఊళ్ళో అందరి సంగతులూ. అయినా కింద కొస వాడి చేతిలో ఉంటేనే శాంతయ్య నేల విడిచేవాడు.

ఆ కింది కొసను ముడి వేయరు. ముడి వేస్తే బరువుకు బిగుసుకుని ఊడదు, పైనున్నవాడికి ఏమన్నా అయితే కిందికి దించడానికి ఉండదు. మాను మొదట్లో ఒక బలమైన వేరుకు రెండు చుట్లు తిప్పి, ఆ పైన కిందివాడి నడుము చుట్టూ ఒక చుట్టు తిప్పి, కొసను వాడి చేతికి ఇస్తారు. వాడే ముడి. పైవాడు కొమ్మ మీదికి చేరి, నడుముతాడుతో తనను కొమ్మకు కట్టుకున్నాక "ఇడువు" అని కేక వేస్తాడు. అప్పుడే కిందివాడు తాడు వదిలి, పడిన కొమ్మలు లాగడానికి పోతాడు. దిగేటప్పుడు "పట్టు" అంటాడు. "పట్టిన" అని కిందినుంచి వినపడితేనే మళ్ళీ తాడు మీదికి వస్తాడు. ఇది బావుల నాటి నుంచి వస్తున్న పద్ధతి. వాన రానీ, చీమలు కుట్టనీ, పైనుంచి ఆ మాట రాకుండా తాడు వదలరు.

ఒకసారి నేను వేళాకోళానికి చెట్టు చాటున నిలబడి గొంతు మార్చి "ఇడువు" అన్నాను. భిక్షం వదల్లేదు, వాడికి గొంతు తెలుసు. శాంతయ్య మాత్రం పని సగంలో ఆపి కిందికి దిగి వచ్చి నా చెంప పగలగొట్టాడు. నేను సర్కారు మనిషిని, ఆయన నేను పిలిస్తే వచ్చే కూలీ. అయినా కొట్టాడు. అంతకు ముందు గానీ, తర్వాత గానీ ఆయన ఎవరి మీదనైనా చెయ్యి ఎత్తినట్టు నేను వినలేదు.

ఇక అరవై తొమ్మిది. జనవరిలో మొదలైన తెలంగాణ గొడవ జూన్ నాటికి ఊళ్ళ దాకా వచ్చింది. బడులు మూతపడ్డాయి, బస్సులు నడిచిన రోజు నడిచాయి, లేని రోజు లేవు. ఉద్యోగులు సమ్మెకు దిగారు, నేనూ దిగాను. మా ఉద్యోగాలు మాకు కావాలని అరిచి అరిచి గొంతు పోయింది. అరిచినందుకు ఇప్పటికీ నాకు చింత లేదు. నా చింత వేరే దాని గురించి.

ఒక బంద్ రోజు అజీజ్‌నగర్ దగ్గర రోడ్డు మూయాలని కాలేజీ పిల్లలు అనుకున్నారు. రాళ్ళు పెడితే లారీవాళ్ళు పక్కకు దొర్లించి పోతున్నారు. పెద్ద కొమ్మ ఒకటి అడ్డం పడితే తీయడానికి సగం రోజు పడుతుంది. అంత పైకి ఎక్కేవాడు ఎవరు అని నన్ను అడిగారు. నేను పెద్ద తెలివిగలవాడిలాగా శాంతయ్య పేరు చెప్పి, సైకిలు మీద సురంగల్‌కు నేనే పోయాను.

శాంతయ్య ముందు ఒప్పుకోలేదు. సర్కారు చెట్టు అన్నాడు. ఆ కొమ్మ ఎట్లాగూ లైనుకు తగులుతున్నది, ఈ ఏడు కొట్టాల్సిందే, సమ్మె లేకపోతే నేనే కొట్టించేవాడిని అని నచ్చజెప్పాను. ఏటా పని ఇచ్చేవాడి మాట కాదనడం ఆయనకు చేతకాలేదు. భిక్షం మాత్రం అప్పటికే తాడు భుజాన వేసుకుని జై తెలంగాణ అంటూ వాకిట్లో నిలబడి ఉన్నాడు.

పొద్దున పది గంటలు అయి ఉంటుంది. అజీజ్‌నగర్ దాటాక రోడ్డు పక్కన పెద్ద చింత, దాని కొమ్మ ఒకటి రోడ్డు మీదికి అడ్డంగా చాచుకుని ఉన్నది. ఇరవై మందిమి పోగయ్యాం. శాంతయ్య గుండ్రాయి విసిరాడు, తాడు లాగాడు, ఇద్దరూ వేలాడి చూశారు. భిక్షం వేరు చుట్టూ తిప్పి నడుముకు చుట్టుకున్నాడు. శాంతయ్య లేచి కూర్చుని, లేచి కూర్చుని, చింతాకులో కలిసిపోయాడు. చింతాకు ఎంత చిక్కగా ఉంటుందో తెలుసు కదా, కిందినుంచి చూస్తే మనిషి కాలు కూడా కనపడదు.

నాకు తర్వాత తెలిసిందేమిటంటే, పైన ఆయన కొమ్మ మీదికి చేరాడు. నడుముతాడు కొమ్మ చుట్టూ తిప్పి కట్టుకున్నాడు. ఇక కేక వేయడమే తరువాయి. సరిగ్గా అప్పుడు సిటీ దిక్కు నుంచి లారీ చప్పుడు వినపడింది. పిల్లల్లో ఎవడో పోలీసులు అన్నాడు.

అందరం ఉరికాం. రోడ్డు పక్కన ద్రాక్షతోట ఒకటి ఉండేది, కంచె దూకి పందిరి కిందికి పోయి పడుకున్నాను. మోకాళ్ళు చీరుకుపోయిన సంగతి గంట దాకా తెలియలేదు. అక్కడి నుంచి చింతచెట్టు మొదలు నాకు బాగానే కనపడుతున్నది. భిక్షం కదల్లేదు. నడుముకు తాడు చుట్టుకుని, కొస చేత్తో పట్టుకుని, మా దిక్కు చూడకుండా నిలబడి ఉన్నాడు.

లారీ ఆగింది. ఆరుగురో ఏడుగురో దిగారు. ఎవరు నువ్వు, ఈ తాడేమిటి, మిగతావాళ్ళు ఎటు పోయారు అని అడిగి ఉంటారు, నాకు మాటలు సరిగ్గా వినపడలేదు. చెట్టు మొదట్లో గొడ్డలి ఒకటి పడి ఉన్నది, దాన్ని కాలితో తన్ని చూశారు. ఒకడు తాడు వదలమని చేత్తో సైగ చేశాడు. భిక్షం వదల్లేదు. లాఠీ వీపు మీద పడింది. మళ్ళీ అడిగారు. మళ్ళీ పడింది. ఆ తర్వాత తాడు పట్టుకున్న చేతి మీద కొట్టారు, మణికట్టు దగ్గర, కట్టె కొట్టినట్టు. మూడోదో నాలుగోదో దెబ్బకు చెయ్యి తెరుచుకుని తాడు కొస కింద పడింది. నడుము చుట్టు మాత్రం ఉన్నది. భిక్షం వెనక్కి వాలి ఒంటి బరువుతో దాన్ని బిగబట్టుకున్నాడు.

పైన ఆకుల్లో అలికిడి లేదు. ఒక్క పోలీసు కూడా తల ఎత్తి చూడలేదు.

ఎంతసేపు అంటే చెప్పలేను. పావుగంట అయి ఉండదు. లారీ హారన్ కొట్టింది, వాళ్ళు ఎక్కి చేవెళ్ళ దిక్కు పోయారు. నేను పందిరి కింది నుంచి లేచి వచ్చాను. భిక్షం ముఖం బూడిద రంగులో ఉన్నది. కొస నేను తీసుకుని నా నడుముకు చుట్టుకున్నాను. అప్పుడు పైనుంచి "పట్టు" అని వినపడింది, మామూలు గొంతుతో. పట్టిన అన్నాను. శాంతయ్య దిగాడు. భిక్షం చేతిని చూశాడు. చూసి, తాడును పంగలోంచి లాగి, మోచేతికి చుట్ట చుట్టడం మొదలుపెట్టాడు. ఒక్కో చుట్టూ సమంగా వచ్చేటట్టు, ఎప్పటిలాగే చుట్టాడు. భిక్షం పక్కన కూర్చుని మూలుగుతున్నాడు. చుట్టడం పూర్తి అయ్యాక గానీ ఆయన వాడి దగ్గరికి పోలేదు.

ఆ సాయంత్రం మొయినాబాదు చాయ్ హోటల్లో నేను కథ చెప్పాను. ఉరికినవాడికి చెప్పుకోవడానికి ఏదో ఒకటి కావాలి కదా. భిక్షం తాడు వదిలి ఉంటే శాంతయ్య శవం అయ్యేవాడు అన్నాను. నేను అట్లాగే నమ్మాను కూడా. రెండు రోజుల్లో ఆ కథ చేవెళ్ళ దాటింది. పిల్లలు దండలు తీసుకుని సురంగల్‌కు పోయారు, భిక్షం మంచం మీద పడుకుని మెళ్ళో బంతిపూలతో నవ్వాడు. ఎముకలు కట్టే ముసలాయన కట్టు కట్టాడు. ఎముక అతుక్కుంది గానీ వేళ్ళు ముడుచుకోవడం మానేశాయి. ఆ చేతితో గ్లాసు కూడా పట్టుకోలేకపోయేవాడు.

శాంతయ్యను అందరూ అదృష్టవంతుడు అన్నారు. చర్చిలో పాస్టరు ఆయన పేరూ భిక్షం పేరూ కలిపి ప్రార్థన చేశాడు. ఆయన తల వంచుకుని నిలబడ్డాడు, ఒక్క మాట అనలేదు. అందరూ దాన్ని కృతజ్ఞత అనుకున్నారు. కరుణమ్మ మాత్రం ఏమీ అనుకోలేక ఒక రోజు నా దగ్గరికి వచ్చింది. మనిషి పెడితే తింటున్నాడు, లేకపోతే లేదు అని చెప్పింది. చూద్దామని ఒక పూట పప్పులో ఉప్పు వేయకుండా పెట్టిందట. తిని చెయ్యి కడుక్కుని పోయాడట. మర్నాడూ అట్లాగే చేసిందట, అప్పుడూ అంతేనట. ఏం చేద్దాం అని అడిగింది. కాలం గడిస్తే అదే పోతుందని, ఊరికే పెద్దమనిషిలాగా చెప్పి పంపాను.

అది పోలేదు. ఏడాది పాటు ఆయన చెట్టెక్కలేదు. పొలం పనికి పోయేవాడు, చెప్పింది చేసేవాడు. ఆదివారం చర్చి కాగానే అదే తెల్లచొక్కాతో భిక్షం ఇంటికి పోయి వాకిట్లో కూర్చునేవాడు, పొద్దు గుంకే దాకా. భిక్షం మాట్లాడుతూ ఉండేవాడు, ఈయన వింటూ ఉండేవాడు. వింటున్నాడో లేదో కూడా చెప్పలేం.

డెబ్బై వేసవిలో కొమ్మల పని మళ్ళీ నా నెత్తిన పడింది. సమ్మె అయిపోయింది, గొడవ చల్లారింది, మేమందరం ఏమీ జరగనట్టు ఆఫీసుల్లో కూర్చున్నాం. ఒక ఆదివారం సురంగల్ పోతే ఇద్దరూ భిక్షం వాకిట్లోనే దొరికారు. పని ఉన్నదన్నాను. భిక్షం భార్య జంగమ్మ వాకిలి ఊడ్చే చీపురు పక్కన పెట్టి వచ్చింది. మా ఆయనను కూడా తీసుకుపో అన్నా అని శాంతయ్యను అడిగింది. చెయ్యి లేకపోయినా నడుము ఉన్నది, ఆ రోజు చివరికి నడుముతోనే కదా పట్టాడు, ఇంట్లో కూర్చుని కూర్చుని మనిషి ఖరాబవుతున్నాడు అన్నది. ఆ మాట అంటున్నప్పుడు ఆమె ముఖంలో గర్వం నేను చూశాను. చాయ్ పెడతానని లోపలికి పోయింది.

ఆమె అటు పోగానే శాంతయ్య నోరు తెరిచాడు. మంచం కోడును చూస్తూ చెప్పాడు.

"నేను నిన్ను తీస్కపోను భిక్షం. ఆ దినం నేను తాడు మీద లేను. కొమ్మకు కట్టుకొని కూసున్న. ఇడువుమని చెప్పలె. చెప్తె పైన మనిషున్నడని వాళ్ళకు తెలుస్తదని భయమైంది. నోట్లెకొచ్చిన మాటను మింగిన."

ఏడాదిగా నేను ఊరూరా చెప్పిన కథ నా కళ్ళముందే కూలిపోతుంటే, నిజం చెప్పాలంటే, ముందుగా నాకు నా పరువే గుర్తొచ్చింది.

భిక్షం లోపలి దిక్కు ఒకసారి చూశాడు. గొంతు తగ్గించి, "మెల్లగ మాట్లాడు. జంగి ఇంటది," అన్నాడు. తర్వాత అన్నాడు. "నాకెరికే అన్న."

శాంతయ్య తల ఎత్తాడు. ఎట్లా తెలుసని అడిగాడు.

"తాడు పట్టినోనికి తెల్వదా? నువ్వు కొమ్మ మీదికి పోంగనే తాడు వదులైంది. మళ్ళ బరువు పడలె. నడుంతాడు కట్టుకునే యాళ్ళ గూడ అయిపాయె."

"మరి ఎందుకు ఇడ్వలె?"

"నువ్వు చెప్పలె గద."

వాడు కోపంగా అనలేదు. చీమలు కుట్టినా వదలని మనిషి, అదే లెక్కన చెప్పాడు. కాసేపు తన చెయ్యి చూసుకున్నాడు.

"మొదటి దెబ్బకు అనుకున్న, ఇప్పుడు చెప్తడని. రెండో దెబ్బకు గూడ అనుకున్న. చెయ్యి ఇరిగినంక ఇగ అనుకునుడు బంద్ జేసిన. తాడు మాత్రం ఇడ్వబుద్ధి గాలె."

శాంతయ్య లేచి నిలబడ్డాడు, మళ్ళీ కూర్చున్నాడు. వచ్చే ఆదివారం చర్చిలో అందరి ముందూ లేచి చెబుతానన్నాడు. ఊళ్ళోనూ చెబుతానన్నాడు. నా దిక్కు తిరిగి, నువ్వు కూడా పోయినచోటల్లా చెప్పు అన్నాడు. ఆయన అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడటం నేను అదే చూడటం. ఏడాది నుంచి గడ్డకట్టిన మనిషిలో ఏదో కరుగుతున్నట్టు నాకు అనిపించింది, లోపల సంతోషించాను కూడా.

భిక్షం మొదటిసారి గట్టిగా అన్నాడు. "చెప్పకు. చెప్తె నీకు అల్కగైతది, నాకేమైతది? ఇప్పుడు ఈ చెయ్యి ఒక మనిషి పానం కోసం పోయింది. నువ్వు నోరు తెరిస్తె ఉత్తగ పోయినట్టయితది. జంగికి నేనేం చెప్పుకోవాలె?"

జంగమ్మ చాయ్ తెచ్చింది. తీసుకుపోతావా అన్నా అని మళ్ళీ అడిగింది. నేనే పోను, ఇంకొకరిని చూసుకోమన్నాను అని భిక్షం చెప్పాడు. ఆమె మొగుణ్ణి తిట్టుకుంటూ చీపురు అందుకుంది. శాంతయ్య చాయ్ తాగాడు. గ్లాసు కింద పెట్టేసరికి మళ్ళీ ఆ పాత ముఖమే వచ్చేసింది. నాకు దుఃఖం వచ్చింది గానీ, ఆ వాకిట్లో ఏడ్చే హక్కు అందరికంటే తక్కువ ఉన్నది నాకే.

ఆ ఏడు కింద కొస నేను పట్టాను. ఇంకెవరినీ అడగడానికి ఆయనకు మొహం చెల్లలేదు, ఉరికినవాడిని నేనే కాబట్టి నా దగ్గర ఆయనకు సిగ్గు లేదు. కొమ్మకు కట్టుకోగానే "ఇడువు" అని కేక వేసేవాడు, రోడ్డు మీద బండివాళ్ళు ఆగి చూసేంత గట్టిగా. ఒకటికి మూడుసార్లు వేసేవాడు. వినపడింది శాంతన్నా అని నేను చెప్పినా వేసేవాడు.

వానాకాలంలో మొయినాబాదులో ఒక సభ పెట్టారు. గొడవల్లో పోయినవాళ్ళ జ్ఞాపకార్థం. భిక్షాన్ని కుర్చీలో కూర్చోబెట్టి శాలువా కప్పారు, పక్కన శాంతయ్యను నిలబెట్టారు. కథ నన్ను చెప్పమన్నారు. గొంతు బాగాలేదని తప్పించుకున్నాను. మైకు శాంతయ్య చేతిలో పెట్టారు. అంతవరకు ఆయన ఆ అబద్ధాన్ని తన నోటితో ఎన్నడూ అనలేదు, వేరేవాళ్ళు అంటుంటే ఊరుకున్నాడంతే. భిక్షం కుర్చీలోంచి ఆయన ముఖమే చూస్తున్నాడు. ముందు వరసలో ఆడవాళ్ళ మధ్య జంగమ్మ కూర్చుని ఉన్నది.

"భిక్షం తాడు పట్టుకున్నడు," అన్నాడు శాంతయ్య. "ఇడ్వలె. ఇడిస్తె నేను సచ్చెటోణ్ణి."

చప్పట్లు కొట్టారు. జంగమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. భిక్షం తల ఊపాడు, బాగా చెప్పావన్నట్టు.

ఆ తర్వాత ఎవరు అడిగినా ఆయన అవే మూడు ముక్కలు చెప్పాడు. పెళ్ళిళ్ళలో అడిగారు, ఎన్నికలప్పుడు అడిగారు, బడి పిల్లలు అడిగారు. ఒక మాట ఎక్కువ చేర్చలేదు, ఒకటి తగ్గించలేదు. తినేది ఏమిటో ఆయనకు తెలిసిందో లేదో కరుణమ్మ తర్వాత ఎన్నడూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

ముప్పై ఏళ్ళకు భిక్షం పోయాడు. మట్టి చేసి వస్తుంటే దారిలో నేను శాంతయ్యతో అన్నాను, ఇక నీకు అడ్డం లేదు, నువ్వు చెప్పాలనుకున్నది చెప్పేయొచ్చు అని. ఆయన నడక ఆపలేదు.

"జంగమ్మ ఉన్నది గద," అన్నాడు.

శాంతయ్య పోయాక జంగమ్మ ఇంకా నాలుగేళ్ళు బతికింది.